కొలవని చేను

ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని చేలు కొలిచానో నాకు గుర్తు లేదు. కొలవని చేను మాత్రం ఒకటి బాగా గుర్తుంది. ఈమధ్య సర్వే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు నంద్యాలలో పొద్దున నడకకు వచ్చినప్పుడు కలుస్తుంటారు. మీ రోజుల్లో గొలుసు పెట్టి ఎట్లా కొలిచేవాళ్ళు సార్ అని అడుగుతారు. గొలుసు సంగతి పది నిమిషాల్లో చెప్పొచ్చు. గొలుసును సంచిలోంచి బయటికి తీయకుండా చేను కొలిచిన సంగతి చెప్పడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ముందుగా నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు చిన్నప్పటినుంచీ నిలకడ తక్కువ. కాలుగాలిన పిల్లిలా తిరగడమే తప్ప ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. సర్వే ఉద్యోగం వచ్చినప్పుడు, తిరిగే బుద్ధికి తిరిగే కొలువే దొరికిందని మా ఇంట్లో నవ్వుకున్నారు. నిజానికి ఈ ఉద్యోగానికి కావలసింది తిరగడం కాదు, ఆగడం. రాయి దొరికేదాకా ఆగాలి, నేల ఆరేదాకా ఆగాలి, అన్నదమ్ములు తిట్టుకోవడం అయిపోయేదాకా ఆగాలి. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదని అనను. చెప్పారు, నేను వినలేదు.

మొదటి పోస్టింగుల్లో ఒకటి ఆళ్ళగడ్డ. అక్కడి ఆఫీసులో నా బల్ల వెనక ఒక ఇనుప బీరువా ఉండేది. దాని నిండా తెల్లదొరల కాలపు సెటిల్మెంట్ రిజిస్టర్లు, ఊరికొకటి చొప్పున. అట్ట ముట్టుకుంటే చేతికి గోధుమరంగు పొడి అంటేది. పని లేనప్పుడు కూర్చోలేని నేను, ఆ పుస్తకాల ముందు మాత్రం గంటలు గంటలు నిలబడి చదివేవాణ్ణి.

ఎర్రమల కొండలకూ నల్లమలకూ నడుమ పరుచుకున్న నేల మాది. మధ్యలో కుందూ పోతుంది. ఈ నేలనంతా ఆ కాలంలో తుంట తుంటగా కొలిచి, ప్రతి తుంటకూ ఒక నంబరు ఇచ్చి రాసిపెట్టారు. రేగడా, ఎర్రనేలా, చౌడా, నాణ్యతలో ఎన్నో తరం, వానకు పండేదా, బావి ఉందా, ఉంటే ఎవరు తవ్వుకున్నారు, గట్టు మీద చింతచెట్లున్నాయా అన్నీ ఉండేవి. ప్రతి పుస్తకం మొదట్లో ఆ ఊరి జాతకం. ఎన్ని ఇళ్ళు, ఎంత జనం, ఎన్ని జతల ఎద్దులు, ఎన్ని బండ్లు, ఎన్ని మగ్గాలు. కొన్ని ఊళ్ళలో ముందు లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య జనం బాగా తగ్గిపోయి కనిపించేవాళ్ళు. అంతమంది ఎటు పోయారని వెతికితే, పక్క గడిలో కరువు అని ఒక్క మాట ఉండేది. ఆ గడి చూసినప్పుడల్లా పేజీ తిప్పకుండా అక్కడే ఆగిపోయేవాణ్ణి.

దొరలు మన మీద ప్రేమతో ఇదంతా రాయలేదు. ఏ నేల నుంచి ఎంత శిస్తు పిండొచ్చో తెలుసుకోవడానికి రాశారు. కానీ నడిచి రాశారు. ఆ నడిచినవాళ్ళు కూడా దొరలు కారు, గుడారంలో కూర్చున్న దొర కోసం ఎండలో గొలుసు లాగిన మన ఊళ్ళవాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళు కొలిచిన లింకులు మాత్రం ఇప్పటికీ కోర్టుల్లో నిలబడుతున్నాయి. గొలుసులో నూరోవంతును లింకు అంటారు. జానెడు కన్నా తక్కువే.

నాకు గొలుసు పట్టడానికి ఒక చైన్‌మన్ ఉండేవాడు. కోయిలకుంట్ల మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. చదువు అంతంతమాత్రం, నేల చదవడంలో మాత్రం ఆఫీసులో అతని తర్వాతే ఎవరైనా. మా నల్లరేగడి ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందువల్ల పాతిన సర్వే రాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుగుతూ, జరుగుతూ ఉంటాయి. ఎంత జాగ్రత్తగా కొలిచినా పాత పుస్తకంలో ఉన్నదానికీ మనకు వచ్చినదానికీ నాలుగు లింకులో ఆరు లింకులో తేడా వచ్చి తీరుతుంది. ఆ తేడాను పక్కన రాసుకోవడం మా పద్ధతి. కొత్తలో నాకు తేడా వస్తే చిరాకుగా ఉండేది, మళ్ళీ కొలవమనేవాణ్ణి. అప్పుడు అతను నవ్వి, "రేగడి చేన్లో కొలత పుస్తకానికి సరిగ్గా సరిపోయిందంటే, సారు చేన్లేకి పోలేదని అర్థం" అన్నాడు. ఆఫీసులో అందరికీ తెలిసిన మాటే అది. టీ తాగేటప్పుడు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో, జమాబందీ దగ్గరపడిందని పై నుంచి ఒత్తిడి వచ్చింది. జమాబందీ అంటే ఏడాదికొకసారి ఊళ్ళ రికార్డులన్నీ పై అధికారి ముందు పెట్టి సరిచూసే తతంగం. ఆ లోపల నా బల్ల మీది పెండింగులన్నీ తీరిపోవాలి. అందులో ఒకటి, ఆళ్ళగడ్డ నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడవాల్సిన ఊరిలో, ఇద్దరు అన్నదమ్ముల చేను. తొమ్మిదెకరాల ఒకే నంబరును రెండుగా విడగొట్టి, ఎవరి భాగం వాళ్ళకు రాసివ్వాలి. ఫలానా రోజు వస్తాను, ఇద్దరూ చేను దగ్గర ఉండండి అని నోటీసు పంపాను.

ముందు రోజు పెద్ద వాన పడింది. నోటీసు రోజు పొద్దున ఎండ కాసింది గానీ రేగడి సంగతి మీకు తెలిసిందే. బస్సు దిగి నాలుగు ఫర్లాంగులు నడిచేసరికి చెప్పుల కింద మట్టి దిమ్మ కట్టి, కాలు ఎత్తితే చెప్పు రాలేదు. చెప్పులు చేత పట్టుకున్నా పిక్కల దాకా దిగబడుతున్నాం. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. చైన్‌మన్ మాత్రం చెట్టు కింద నిలబడి బీడీ ముట్టించుకుని, "రెండు దినాలు తాళితే ఆరుతాది సారూ, చేను యాడికీ పోదు" అన్నాడు. రెండు రోజులు తాళడం నా వల్ల కాదన్నాను. వెనక్కి తిరిగి, వచ్చిన బస్సు ఎక్కి ఆఫీసుకు వచ్చేశాం.

మర్నాడు ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన ఏదో పని మీద ఆళ్ళగడ్డ వచ్చి ఆఫీసులోకి తొంగిచూశాడు. బురదకు మేం రాలేకపోయామని చెప్పాను. తానూ చేనికి పోలేదన్నాడు. ఇంకో నోటీసు, ఇంకో వారం ఎందుకు, ఇద్దరికీ సమానమే కదా, నడిమికి కొట్టేయండి అన్నాడు. నాకు కావలసిన మాట అతని నోటినుంచి వచ్చింది. బీరువాలోంచి దొరల కాలపు పటం తీశాను. రెండు వైపుల కొలతలను సగం చేసి, పై నుంచి కిందికి గీత గీశాను. అరగంట పట్టింది. రెండు భాగాలు కూడితే మొత్తానికి సరిగ్గా సరిపోయాయి, సరిపోక ఏమవుతాయి, కూడింది నేనే. పెద్దాయన సంతకం పెట్టి పోయాడు. చిన్నాయన విషయంలో ఫారంలో రాయాల్సింది ఏదో రాశాను.

ఆ పటంలో ఒకచోట చిన్న సున్నా గుర్తు ఉంది, పక్కన సొంత బావి అని రాసి ఉంది. నేను చూడలేదని చెబితే అబద్ధం. చూశాను. నా గీత దానికి తూర్పుగా పోయింది, అంటే బావి పడమటి సగంలో, పెద్దాయన వైపు పడింది. అన్నదమ్ములే కదా, కలిసి వాడుకుంటార్లే అనుకున్నాను. ఆ సాయంత్రం చైన్‌మన్‌కు టీ తెప్పిస్తే తాగలేదు. గ్లాసు నా బల్ల మీదే పెట్టి, గొలుసు సంచి గోడకు తగిలించి వెళ్ళిపోయాడు.

దీన్ని మా డిపార్ట్‌మెంటులో టేబుల్ సర్వే అంటారు. పేరు పెట్టుకునేంత మామూలు విషయమన్నమాట. నేను చేసింది అదొక్కటే. దొంగ ఒక్కసారే చేశానంటే ఎవరు నమ్ముతారు, అయినా చెప్తున్నాను.

తర్వాత నన్ను చాలా చోట్లకు తిప్పారు. సున్నిపెంటలో ఉన్నాను, మరో నాలుగు మండలాలు తిరిగాను. రిటైర్మెంటుకు నాలుగు నెలలు ఉందనగా ఊళ్ళన్నీ కొత్తగా కొలిచే రీసర్వే పని మీద మళ్ళీ ఆళ్ళగడ్డకే వేశారు. ఇప్పుడు గొలుసులు లేవు. పైన డ్రోన్ ఎగురుతుంది, కింద రోవర్ అనే కర్ర పట్టుకుని నిలబడితే ఉపగ్రహం ఆ చోటు ఎక్కడుందో చెప్తుంది. ఊరికొక సర్వేయరు, అందరూ చదువుకున్న పిల్లలు. వాళ్ళ పని సరిచూడటం నా పని. ఆ అన్నదమ్ముల ఊరి సర్వేయరు ఉయ్యాలవాడ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఇంజనీరింగ్ చదివింది. పాత పుస్తకాలన్నీ తీసి, రోవర్ చెప్పినదాని పక్కన పెట్టి వరసగా చూసుకుంటూ పోయేది. అంత శ్రద్ధ ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఆ అమ్మాయి ఒక పాత పేజీ పట్టుకుని సంబరంగా నా దగ్గరికి వచ్చింది. ఊరంతా చూసినా, విడగొట్టిన ప్రతి సబ్‌డివిజన్లోనూ దొరల కాలపు కొలతతో ఎంతో కొంత తేడా ఉందట, ఈ ఒక్క చేనులో మాత్రం నాలుగు పక్కలా ఒక్క లింకు కూడా తేడా లేదట. "సంతకం అర్థం కాలేదు సార్. ఎవరో గానీ చానా జాగర్త మనిషి" అంది. ఆ పేజీలో ఏడు అంకెకు నేను వయసులో ఉన్నప్పుడు పెట్టిన వంకర తోక అట్లాగే ఉంది. ఆ పిల్ల దాన్ని మెచ్చుకుంటోంది. నేను ఊఁ అన్నాను. ఆ పొగడ్తను అట్లా ఒంటి మీద పడనిచ్చి కూర్చున్నందుకు నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం.

ఆ వారమే ఆ చేను తగువు బయటపడింది. డ్రోన్ తీసిన బొమ్మలో చేను మధ్య గట్టు ఒకచోట పడమటికి వంగి, బావిని చుట్టి మళ్ళీ నిటారుగా పోతోంది. రికార్డులో మాత్రం నా నిటారు గీత. అన్నదమ్ములిద్దరూ అప్పటికే చనిపోయారు. పెద్దాయన కొడుకు నంద్యాలలో విత్తనాల అంగడి నడుపుతున్నాడు. రికార్డు ప్రకారమే కొత్త హక్కు పత్రం ఇవ్వమని రాసిచ్చాడు. చిన్నాయన భార్య గ్రామ సచివాలయానికి వచ్చింది. బక్కపల్చటి మనిషి, అరవై దాటి ఉంటుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"చౌడంతా మా పాలికిచ్చి, దానికి బదులు బావి ఇచ్చినాడు మా మామ. తాను నిలబడి గట్టేపిచ్చినాడు సారూ, అందుకే అది వంకర తిరిగింది" అంది. "కాగితంలో చౌడు మాది, బావి వాళ్ళదంట. ఇదేం పంపకం?"

ఆ బావి కరువులో వాళ్ళ ముత్తాత తవ్వుకున్నదట. ఇప్పుడు అందులో నీళ్ళు లేవు గానీ, అడుగున బోరు వేసుకుంది. ఆ బోరు నీళ్ళతోనే ఏళ్ళుగా చౌడును కడిగి, ఎరువు తోలి, రెండెకరాలు దారికి తెచ్చుకుంది. బావి పోతే మిగిలేది తెల్లగా ఉప్పు తేలిన నేల. ఇంకే ఆధారమూ లేదు. ఇదంతా ఆమె ఏడవకుండా, బేరం చెప్పినట్టు చెప్పింది.

ఇక నాకు కుదురు లేదు. పొద్దున్నే లేచి స్టేషను దాకా ఒకసారి, కుందూ వంతెన దాకా ఒకసారి నడిచేవాణ్ణి. ఇంట్లో ఉన్నంతసేపూ వరండాలో పచార్లు. విషయం మా ఆవిడకు చెప్పాను. ఆమె విని, పోయి ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం గానీ ఈ తిరుగుడు మాత్రం ఆపు, నాకు తల తిరుగుతోంది అంది. ఓదారుస్తుందేమో అనుకున్నాను, ఆమె అట్లాంటి మనిషి కాదు.

ఒప్పుకోకుండా బయటపడే దారులన్నీ వెతికాను. మొదట కర్నూలు పోయి రికార్డు రూములో అసలు పటం తీయించాను. బావి గుర్తు ఉంది, ఏ గీత నుంచి ఎన్ని లింకుల దూరమో కూడా రాసి ఉంది. ఎండలో ఎవరో పేరు లేని మనిషి కొలిచిన కొలత, రోవర్‌తో చూస్తే అడుగు తేడాలో ఉంది. కానీ బావి ఎక్కడుందన్నది తగువు కాదు, బావి ఎవరిదన్నది తగువు. అది అన్నదమ్ముల పంపకం నాటి మాట. ఆ ఫైలు ఏనాడో చెదలకు పోయింది. చైన్‌మన్ కూడా లేడు. ఆ గీత నేల మీద కొలిచి గీసింది కాదనడానికి ఇక మిగిలిన సాక్ష్యం నేనొక్కణ్ణే.

అప్పుడు పెద్దాయన కొడుకు అంగడికి పోయాను. మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించాడు. చిన్నమ్మకు ఆ బావి వదిలేయరాదా అన్నాను. చిన్నమ్మంటే తనకు కోపం లేదన్నాడు. తన అన్నదమ్ములు ముగ్గురూ అడుగుతారు, కాగితంలో ఉన్నది ఎందుకు వదిలావంటే తాను ఏం చెప్పాలన్నాడు. "కాగితం మీ డిపార్ట్‌మెంటుదే కదా సార్. అది తప్పని మీరే రాసియ్యండి, ఈడ్నే సంతకం పెడతా" అన్నాడు. నిజంగానే జేబులోంచి పెన్ను తీశాడు. అతను వెటకారం చేయలేదు, ఉన్న మాట అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి లేచాను.

గ్రామసభ రోజు సచివాలయం ముందు షామియానా వేశారు. మా పై అధికారి, రీసర్వే తహసీల్దారు, వరసగా నంబర్లు చదువుతూ అభ్యంతరాలు వింటున్నారు. ఆ చేను నంబరు వచ్చింది. అమ్మాయి లేచి, రికార్డులో ఉన్న కొలత చాలా కచ్చితంగా ఉందనీ, నేల మీది గట్టే దానికి సరిపోవడం లేదనీ చెప్పింది. తన పని తాను సరిగ్గా చేస్తోంది. చిన్నాయన భార్య గుంజ పక్కన నిలబడి వింటోంది. తహసీల్దారు రికార్డు ప్రకారం అని మొదలుపెట్టారు. నేను కుర్చీలోంచి లేవాలని లేవలేదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. జీవితంలో నా నిలకడలేనితనం పనికొచ్చింది ఆ ఒక్కసారే.

"ఆ గీత నేను గీసిందే" అన్నాను. "చేన్లేకి పోల్యా. బురదని ఆఫీసులో కూచోని గీసినా. దాన్ని కొలత అనొద్దండి."

ఎవరైనా ఏదో అంటారని చూశాను. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, "అయితే మా నంబరు గూడా ఆఫీసులోనే గీసినావా సారూ?" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది, ఎందుకంటే అందరికీ అదే అనుమానం వచ్చింది. ఒక్కొక్కరే తమ పాస్‌బుక్కులు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. లేదు, మిగతావన్నీ నడిచే కొలిచాను అని ఎంత చెప్పినా నా మాటకు ఇక విలువేముంది. తహసీల్దారు మొహం ఎర్రబడింది. మీరు ఏమంటున్నారో తెలిసే అంటున్నారా అన్నారు. తెలిసే అన్నాను. రాతపూర్వకంగా ఇమ్మన్నారు. అక్కడే రాసిచ్చాను. అమ్మాయి నా వైపు చూడలేదు, చేతిలోని పాత పేజీని మడిచి ఫైలులో పెట్టుకుంది.

తర్వాత మెమో వచ్చింది, విచారణ జరిగింది. రిటైరై ఏడాది దాటినా నా కాగితాలు కదల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావని తోటివాళ్ళు అన్నారు. ఇంకో నాలుగు నెలలు నోరు మూసుకుని ఉంటే పోయేదిగా అన్నవాళ్ళే ఎక్కువ. అదంతా నాకు పెద్ద బాధ అనిపించలేదు. బాధ ఆ సభ రోజు మధ్యాహ్నమే చేను దగ్గర పడ్డాను.

ఇద్దరి ఎదుటా గట్టు వెంబడి మళ్ళీ కొలవమని తహసీల్దారు ఆజ్ఞ వేశారు. శనగ కోసేసిన చేను, నేల గట్టిగా ఉంది. మొదటిసారి ఆ చేనిలో కాలు పెట్టాను. అమ్మాయి రోవర్ పట్టుకుని ముందు నడుస్తోంది. వెనక నేను, నా వెనక పెద్దాయన కొడుకు, ఊరి పెద్దలు ఇద్దరు. ఆ గట్టు అన్నదమ్ముల తండ్రి వేయించిన నాటినుంచీ అట్లాగే ఉందని పెద్దలు చెప్పారు. వంపు దగ్గరికి వచ్చాక పెద్దాయన కొడుకు నన్ను పక్కకు పిలిచి, మీరు చేన్లోకి రాలేదని మా నాయనకు తెలుసునా అని అడిగాడు. తెలుసు, ఆఫీసుకు వచ్చి నా ఎదుటే సంతకం పెట్టినాడు అన్నాను. అతను బావిలోకి తొంగిచూశాడు. తర్వాత అమ్మాయి దగ్గరికి పోయి, ఎక్కడ పెట్టాలని అడిగి సంతకం పెట్టాడు. చిన్నమ్మతో ఏమీ అనకుండా మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

బావి ఆమెదే అయింది. నా మనసు కాస్త తేలికపడిందని ఒప్పుకుంటాను. ఆమె నన్ను తిడుతుందని కొంత, నాలుగు మంచి మాటలు అంటుందని కొంత ఎదురుచూశాను. ఆమె బావి గట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఒక మాట చెప్తా సారూ" అంది. "నోటీసులో రాసిన పొద్దు మా ఆయప్ప ఈడ్నే ఉన్న్యాడు. సద్ది గట్టి నేనే పంపిస్తి. పొద్దు గూకేదాకా ఉండి, తొడల దాకా బురదతో ఇంటికొచ్చె. నెలకో ఏమో కాగితమొచ్చె. నోటీసు అందినా హాజరు కాలేదని రాసిండ్రి దాంట్లో."

చిన్నాయన విషయంలో నేను ఫారంలో రాసింది అదే. ఆ మాట రాశానన్నది కూడా నాకు గుర్తు లేదు. ఆమెకు చదువు రాదు, ఎవరెవరి చేతనో చదివించుకుని కంఠతా పట్టింది.

"మధ్యాన్నం ఎనుమును నీళ్ళకు తోలుకపోయి గడిసేపు చేన్లో లేడంట. ఆ గడిసేపులోనే సారు వచ్చి కొలిచి పోయినాడనుకున్న్యాడు. మా బావ గూడా అదే మాట అనె, నువ్వు లేకపోతివి, నేనుంటి అని. ఊర్లో అందరూ అట్లే అనిరి. ఆ ఎనుమును ఆ పొద్దు తోలుకపోకుంటే ఏమైతాండె అని సచ్చిపోయేదాకా అంటానే ఉన్న్యాడు. మీది తప్పని ఒకనాడూ అనల్యా సారూ. తనదే అనుకోని పోయినాడు."

క్షమించమ్మా అందామనుకున్నాను. క్షమించాల్సిన మనిషి ఆమె కాదు, ఆ మనిషి లేడు. నేను అటూ ఇటూ రెండడుగులు వేశాను. ఆమె చెప్పినదానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు, రాయడం తప్ప. అమ్మాయిని పిలిచి, ఇప్పటి నివేదికలో ఒక మాట చేర్చమన్నాను. కొలత ఫారంలో అట్లాంటివి రాయడానికి చోటు లేదు సార్ అంది. ఖాళీ ఎక్కడుంటే అక్కడ రాయి, కింద నేను సంతకం పెడతాను అన్నాను. ఆ అమ్మాయి పొద్దుటినుంచి మొదటిసారి నా మొహంలోకి చూసింది. బావి గట్టు మీదే ఫారం పెట్టుకుని, నేను చెప్పింది చెప్పినట్టు రాసి, పైకి చదివింది.

"మొదటి సర్వే నోటీసు నాడు చిన్న భాగస్థుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేనులోనే హాజరుగా ఉన్నాడు. హాజరు కానిది సర్వేయరు."

నేను సంతకం పెట్టాను. చిన్నాయన భార్య లేచి వచ్చి కాగితం మీదికి వంగింది. నా సంతకాన్ని చూసింది, అక్షరాలను చూసింది, వేలు పెట్టి ఆ వరసను తడిమింది.

"ఇంకొకసారి సదువు పాపా" అంది. "నిదానంగా సదువు."